నూట పదిహేడో నంబరు నెత్తురు

పదకొండో వారం

పోయిన వారం బోదిల్‌ను ఆమె ఇంటి గుమ్మంలోనే నిలబెట్టి వచ్చేశాం. మార్చి నెల, పడమటి గాలి, అరవై మూడేళ్ల మనిషి, తప్పు మనదే. ఆమెకు ఎదురుగా జిల్లా ఆసుపత్రి నుంచి వచ్చిన కుర్ర డాక్టరు సిసెల్ నిలబడి ఉంది. సిసెల్ చంకలో నీలం అట్ట రిజిస్టరు. ఎనిమిదేళ్ల కిందట క్రోగ్‌హావ్న్ రేవులో అరవై అయిదు నిండిన మగవాళ్లను పిలవడం మొదలుపెట్టి, పొట్టలోని పెద్ద రక్తనాళం ఎక్కడైనా ఉబ్బిందేమోనని స్కానింగ్ చేసి, వచ్చిన ప్రతిసారీ తలా ఒక ట్యూబు నెత్తురు ఫ్రీజర్‌లో దాచారు. వాళ్ల పేర్ల రిజిస్టరే ఇది. రాసింది అప్పటి నర్సు బోదిల్. అందులో నూట పదిహేడో నంబరు ఆమె భర్త విల్లీది. విల్లీ పోయి ఏడాదిన్నర అయింది, ఆ రక్తనాళమే పగిలి. "ఆ నంబరు గురించే మాట్లాడాలి" అని సిసెల్ అనగానే బోదిల్ చెయ్యి గడియ మీద బిగుసుకుపోయింది.

అయినా తలుపు తెరిచింది. మొహాన తలుపేసి మనిషిని పంపడం ఆమెకు చేతకాదు. పైగా ఫ్లాస్కులో కాఫీ వేడిగానే ఉంది.

వంటింటి బల్ల మీద రెండు కప్పులు కడగకుండా ఉన్నాయి. ఒకటి బోదిల్‌ది, రెండోది మరిది ఐనార్‌ది. అన్న పోయిన మర్నాటి నుంచి ఐనార్ రోజూ పొద్దున ఏడింటికి పెరటి తలుపు తోసుకుని వస్తాడు, కాఫీ తాగుతాడు, వాతావరణాన్ని తిట్టిపోస్తాడు, వెళ్లిపోతాడు. డెబ్బై ఒకటో ఏట కూడా చిన్న పడవ వేసుకుని ఊరి వెనక ఉప్పునీటి పాయలో వలలు పెడతాడు. మార్చిలో గుడ్లతో ఒడ్డుకొచ్చే చేపలంటే అతనికి ప్రాణం.

ఇవాళ మాత్రం కుర్చీలో కూర్చోలేదు. నిలబడే తాగాడు.

"కూర్చోవయ్యా, కుర్చీ ఏం కరవదు," అంది బోదిల్.

"కూర్చుంటే లేవబుద్ధి కాదు వదినా. అక్కడ చేపలు నాకోసం ఎదురు చూస్తున్నాయి."

"చేపలకి నిన్ను చూడటం కన్నా మంచి పనులు చాలా ఉన్నాయిలే."

మామూలు రోజయితే దీనికి రెండు జవాబులు తగిలించేవాడు. ఇవాళ ఊరికే నవ్వాడు. వెళ్తూ పెరటి వసారాలో కాసేపు తచ్చాడి, తలుపు దగ్గరగా వేసి పోయాడు. బూట్లు వెతుక్కుంటున్నాడనుకుంది బోదిల్.

ఇప్పుడు ఆ కప్పును పక్కకు జరిపి సిసెల్‌కు కాఫీ పోసింది. రై రొట్టె ముక్క, జున్ను ముందు పెట్టింది. సిసెల్ వాటి వంక చూడలేదు. రిజిస్టరు బల్ల మీద పెట్టి, దాని మీద రెండు చేతులూ ఉంచింది.

"బోదిల్ గారూ, మీకు తెలియనిది కాదు గానీ..."

"తెలియనట్టే చెప్పు అమ్మాయ్. రిటైరయ్యాక అన్నీ మరిచిపోయే హక్కు నాకుంది."

సిసెల్‌కు నవ్వు రాలేదు. ముప్పై మూడేళ్ల పిల్ల, రెండు రాత్రులు నిద్ర లేనట్టు కళ్ల కింద నలుపు. "మనం పరీక్ష చేసిన వాళ్లలో పదకొండు మంది రక్తనాళం పగిలి చనిపోయారు," అంది. "ఫ్రీజర్‌లోంచి వాళ్ల నెత్తురూ, బతికున్న వాళ్ల నెత్తురూ బయటికి తీశాను. అందులో ఒక ప్రోటీన్ ఉంటుంది, రక్తనాళం గోడ లోపల్లోపల అరిగిపోతున్నప్పుడు అది నెత్తుట్లోకి వచ్చి పడుతుంది. అందరి దగ్గరా రెండేసి సార్లు నెత్తురు తీశారు కదా, రెండేళ్ల తేడాతో. చనిపోయిన వాళ్లలో పదిమందికి మొదటిసారి తక్కువుంది, రెండోసారికి మూడింతలయింది. స్కానింగులో ఉబ్బు కనపడక ముందే నెత్తుట్లో కనపడింది, బోదిల్ గారూ!"

"ఊరికే ఎక్కువున్న వాళ్లు?"

"వాళ్లకేం కాలేదు. కొందరికి పుట్టుకతోనే ఎక్కువుంటుంది, రెండుసార్లూ అంతే ఉంటుంది. ఎక్కువుండటం కాదు భయం. ఎక్కడం భయం."

సైకిలు ట్యూబు ఒకచోట పల్చబడి బుడగలా ఉబ్బుతుందే, ఈ జబ్బు అలాంటిది. ఎంత ఉబ్బిందో కొలవగలరు, ఎప్పుడు పగులుతుందో చెప్పలేరు. యాభై అయిదు మిల్లీమీటర్లు దాటితే ఆపరేషన్ అంటారు. నలభై అయిదు దగ్గరే పగిలిన వాళ్లున్నారు, అరవై దాటినా ఏమీ కాని వాళ్లున్నారు. ముప్పై ఎనిమిదేళ్ల ఉద్యోగంలో బోదిల్ రెండు రకాల వాళ్లనీ చూసింది. ముందుగా చెప్పే దారి ఒకటి ఉంటే బాగుండునని ఆమె మొక్కని రోజు లేదు. ఆ దారి ఇప్పుడు తన వంటింట్లోకి వచ్చి కాఫీ చల్లార్చుకుంటోంది. ఆమెకు మాత్రం ఆ పిల్ల ఎప్పుడు లేచి వెళ్తుందా అని ఉంది.

"పదకొండో మనిషి విల్లీ గారు," అంది సిసెల్. "మొదటి ట్యూబులో ప్రోటీన్ చాలా తక్కువ. స్కానింగులో ఇరవై ఆరు మిల్లీమీటర్లు, అంటే జబ్బే లేదు. రెండోసారికి రాలేదు, సముద్రంలో ఉన్నానని చీటీ పంపారు. ఆరేళ్లకి చనిపోయారు. పోస్టుమార్టంలో డెబ్బై ఎనిమిది! ఆరేళ్లలో ఇరవై ఆరు నుంచి డెబ్బై ఎనిమిదికి ఎవరికీ పెరగదు. శుక్రవారం కమిటీ ఉంది. ఈ ఒక్క నంబరు చూపించి, 'పోయేవాడిని నీకేం భయం లేదని పంపించే పరీక్ష మాకొద్దు' అంటారు. నా పరీక్షయినా తప్పవ్వాలి, ఈ ట్యూబు మీద పేరయినా తప్పవ్వాలి."

బోదిల్ కిటికీ వైపు చూసింది. పాయ మీద గాలికి నీళ్లు తెల్లగా విరుగుతున్నాయి. ముప్పై ఎనిమిదేళ్లలో ఆమె ఒక్క చీటీ తప్పుగా అంటించలేదు. ఆ సంగతి జిల్లా అంతా తెలుసు. కొత్త నర్సులు ఎవరైనా నంబరు తారుమారు చేస్తే, "బోదిల్ దగ్గర ఓ నెల పడెయ్యండి, కుదురుతుంది" అనేవారు పెద్ద డాక్టర్లు. రిటైరైన రోజున ఇచ్చిన గడియారం మీద కూడా ఆ మాటే చెక్కించారు. అది ఇప్పుడు గోడ మీదే టిక్కుటిక్కుమంటోంది.

"చీటీ నేనే తప్పుగా అంటించాను," అంది బోదిల్.

ఆ మాట అనడానికి ఆమె ఎంత వదులుకుందో సిసెల్‌కు తెలియదు. మనకు తెలుసు.

"నిజంగా?"

"నిజంగానే. ఆ రోజు జనం ఎక్కువున్నారు. పొరపాటయింది. రాసుకో, సంతకం పెడతాను."

సిసెల్ పెన్ను మూత తీసి మళ్లీ పెట్టేసింది. "అయితే ఆ రోజు పెట్టె మొత్తం పారెయ్యాలి," అంది చివరికి. "ఒక చీటీ తప్పయితే పక్కవాటిని కూడా నమ్మకూడదు కదా. ఇరవై నాలుగు ట్యూబులు. ఆ నియమం కూడా మీరు పెట్టిందేనట."

నిజమే, ఆమె పెట్టిందే. సిసెల్ రిజిస్టరు తెరిచి ఆ రోజు పేజీ ఆమె వైపు తిప్పింది. పందొమ్మిది వందల తొంభై ఎనిమిది, సెప్టెంబరు. తన దస్తూరీ చూసుకోగానే బోదిల్‌కు బడి వ్యాయామశాల వాసన వచ్చినట్టయింది, పిల్లల బూట్లూ నేలకు రాసిన మైనమూ కలిసిన వాసన.

ఆ రోజుల్ని తలుచుకుంటే ఆమెకు ఇప్పటికీ పెదవి విచ్చుకుంటుంది. తెల్ల వ్యానులో స్కానింగు మిషను ఎక్కించుకుని ఊరూరూ తిరిగేవారు. స్కాన్ చేసే డాక్టరు, నెత్తురు తీసే గ్రేతె జిల్లా ఆసుపత్రి వాళ్లు. పేర్లు చూసే పని బోదిల్‌ది. వెనక సీట్లో ఫ్లాస్కులు, దాల్చినచెక్క రొట్టెలు. వ్యాయామశాలలో తాళ్లూ నిచ్చెనలూ వేలాడుతుంటే వాటి కింద తెర కట్టేవారు. సముద్రం మీద ఎనిమిది మీటర్ల అలకు జంకని మొగాళ్లు చొక్కాలు పైకెత్తి పట్టుకుని, తెల్లటి పొట్టలతో, బడి పిల్లల్లా వరసగా నిలబడేవారు. చల్లటి జిగురు పొట్ట మీద పడగానే ఒక్కొక్కడూ కెవ్వుమనేవాడు.

"డాక్టరూ, లోపల ఏముందో నువ్వు వెతకక్కర్లేదు. బీరని మా ఆవిడ ఎప్పుడో చెప్పింది," అనేవాడొకడు.

"ఉబ్బు సంగతి తర్వాత. లోపల పిల్లో పిల్లాడో చెప్పండి ముందు," అనేవాడు వెనకవాడు.

ఆ పేజీలో ఇరవై నాలుగు పేర్లున్నాయి. అందులో తొమ్మిది మంది ఇప్పుడు చర్చి పక్కన ఉన్నారు. ఫ్రీజర్‌లో మాత్రం వాళ్లందరికీ ఇంకా అరవై అయిదే. ఆ పెట్టె ఇప్పుడు చెత్తలోకి పోతుంది.

"ఇంకొక్కటి," అంది సిసెల్. ఆమె వేలు పేజీ చివరి గడి మీదకు జారింది. ప్రతి పేరు పక్కనా ఒక టిక్కు. కార్డు చూశాను, మనిషిని చూశాను, రెండూ ఒకటే అని దాని అర్థం. "రిజిస్టరంతా లెక్కపెట్టాను. ఆరు వందల పన్నెండు పేర్లు, ఆరు వందల పదకొండు టిక్కులు. మరిచిపోయే మనిషయితే ఇంకో రెండు మూడు చోట్ల కూడా మరిచిపోతుంది. మీరు ఒక్క చోటే మరిచిపోయారు, బోదిల్ గారూ. మీ ఆయన పేరు పక్కనే."

బోదిల్ జున్ను పళ్లెం పక్కకు జరిపింది.

ఆ ఖాళీ గడిని ఆమె మరిచిపోలేదు. ఆ ఏడు వసంతంలో పొరుగు రేవులో థోర్వాల్డ్ అనే జాలరికి స్కానింగు చేస్తే నలభై రెండు వచ్చింది. నెల తిరక్కుండా అతని సముద్రపు కాగితం తీసేసుకున్నారు. డాక్టరు ఆ కాగితం మీద సంతకం పెట్టకపోతే పడవెక్కే వీల్లేదు. అప్పటి నుంచి థోర్వాల్డ్ రేవులో అబద్ధాల బల్ల మీద కూర్చునేవాడు. ముసలి జాలర్లు కూర్చుని కబుర్లు చెప్పుకునే బల్ల అది. అక్కడ కూర్చున్న వాడు పట్టుకున్న చేప ఏడాదికేడాది పెరుగుతుంది, వాడు మాత్రం తరిగిపోతాడు.

విల్లీకి పరీక్షకు రమ్మని ఉత్తరం వచ్చినప్పుడు వారం రోజులు దాన్ని పాత గడియారం వెనక దాచాడు. బోదిల్ బతిమాలింది, అరిచింది, మూడు రోజులు మాట్లాడటం మానేసింది. ఆఖరికి ఒక సాయంత్రం వలకు ముడులు వేస్తూ, తల ఎత్తకుండా అన్నాడు:

"నన్ను ఆ బల్ల మీద కూర్చోబెట్టకు బోదిల్."

"బతికుంటేనే కదా ఎక్కడైనా కూర్చునేది?"

"అక్కడ కూర్చున్నాక బతికుండి ఏం చెయ్యను?"

అయినా వస్తానని మాటిచ్చాడు. మర్నాడు వరసలో నూట పదిహేడో పిలుపుకు అన్న టోపీ నెత్తిన పెట్టుకుని, అన్న పసుపు ఆరోగ్య కార్డు చేత్తో పట్టుకుని ఐనార్ వచ్చి నిలబడ్డాడు. ఆ కార్డు మీద ఫొటో ఉండదు. బయటి నుంచి వచ్చిన డాక్టరుకూ గ్రేతెకూ ఈ ఊళ్లో ఎవరి మొహమూ తెలియదు. తెలిసింది బల్ల దగ్గర కలం పట్టుకుని కూర్చున్న బోదిల్‌కు. ఇంకా, వరసలో ఉన్న ఇరవై మూడు మందికీ.

వాళ్లలో ఒక్కడూ నోరెత్తలేదు. ఒకడు దగ్గాడు. ఇంకొకడు నిచ్చెన పట్టీలు లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. అందరికీ ఒక పడవ ఉంది, అందరికీ ఒక కాగితం ఉంది. ఐనార్ ఆమె కళ్లలోకి చూశాడు. పట్టుబడిన దొంగలా కాదు, 'ఏం చెయ్యమంటావు వదినా, అన్న చెప్పాడు' అన్నట్టు. బోదిల్ నంబరు రాసింది. టిక్కు పెట్టడానికి చెయ్యి రాలేదు. అబద్ధం ఆడగలిగింది గానీ, రాయలేకపోయింది.

"విల్లీ ఇంకో ఆరేళ్లు సముద్రం మీద తిరిగాడు," అంది బోదిల్ ఇప్పుడు, సిసెల్‌తో అన్నట్టు కాదు, గోడతో అన్నట్టు. "సాయంత్రం డీజిలు వాసనతో వచ్చేవాడు. పళ్లెం నిండా చేప వేయించి పెడితే ముల్లు కూడా మిగిల్చేవాడు కాదు. ఆదివారం మధ్యాహ్నం సోఫాలో నిద్రపోతుంటే నేను మెల్లగా పొట్ట మీద అరచెయ్యి పెట్టేదాన్ని. చక్కిలిగింతలే అని నవ్వేవాడు."

"పెడితే...?"

"కొట్టుకునేది. నా అరచెయ్యి కింద గుప్పెడంత, గుండెలాగ." ఆమె తన చెయ్యి వంక చూసుకుంది. "నాకు తెలుసు అమ్మాయ్. అప్పటికి నాలుగేళ్లుగా తెలుసు. ప్రతి ఆదివారం చెప్పేదాన్ని, ప్రతి ఆదివారం 'ఈ సీజను అయిపోనీ' అనేవాడు. ఆ అక్టోబరులో పొద్దున్నే లేచి, వీపు లాగుతోంది, నిన్న వల బరువెక్కింది అన్నాడు. వేడినీళ్ల సంచీ అడిగాడు. రబ్బరుది, ఆకుపచ్చది. నేనే నింపి ఇచ్చాను. డాక్టరుకు ఫోన్ చేసి వచ్చేసరికి..."

మధ్యాహ్నానికి అంతా అయిపోయింది. ఆ సంచీని ఆమె ఆ రోజే పెరటి వసారాలో మేకుకు తగిలించింది. పారెయ్యలేదు, మళ్లీ ముట్టుకోలేదు.

సిసెల్ అడిగింది, "అయితే నూట పదిహేడు ఎవరిది?"

బోదిల్ చూపు ఐనార్ కప్పు మీదకు పోయింది. విల్లీ శవపేటిక మోసిన రోజున ఐనార్ చర్చి వెనక ఆమె చెయ్యి పట్టుకుని ఏడ్చాడు. "నేను వెళ్లకపోతే అన్న వెళ్లేవాడు వదినా. నేనే చంపాను. చచ్చేదాకా ఎవరికీ చెప్పకు" అన్నాడు. అప్పటి నుంచి ఆ మాట మళ్లీ ఎత్తలేదు. రోజూ ఏడింటికి కాఫీకి రావడమే అతను చెప్పుకునే క్షమాపణ. రేపు ఊరంతా తెలిస్తే ఆ మనిషి ఏ మొహంతో రేవులో నడుస్తాడు? విల్లీ పేరు ఏమవుతుంది? సముద్రానికి జంకని విల్లీ ఒక సూదికి జంకి తమ్ముణ్ని పంపాడంటారు. అబద్ధాల బల్ల ఎక్కని వాడు, పోయాక దాని మీద కబురై కూర్చుంటాడు.

ఇవన్నీ బోదిల్ ఏడాదిన్నరగా నమిలిన మాటలే. కొత్తగా తగిలింది ఒకటే. సిసెల్ ఇందాక అన్న మాట మెల్లగా, ముల్లులా, ఆమె లోపల తిరగడం మొదలుపెట్టింది.

ఎక్కువుండటం కాదు భయం. ఎక్కడం భయం.

ఆమె లేచి డ్రాయరు లాగింది. ఐనార్ తన కాగితాలన్నీ ఇందులోనే పడేస్తాడు; పన్ను కాగితాలు, పడవ బీమా, ఆసుపత్రి ఉత్తరాలు. అతనికి సొంతంగా అరవై అయిదు నిండి ఉత్తరం వచ్చినప్పుడు తన పేరుతోనే వెళ్లాడు. ఉబ్బు ముప్పై ఉందన్నారు. అప్పటి నుంచి ఏటేటా కొలుస్తున్నారు. పోయిన నెల ఉత్తరం పైనే ఉంది. బోదిల్ కళ్లద్దాలు పెట్టుకుని చదివింది: "ఉబ్బు నలభై ఏడు మిల్లీమీటర్లు. దాచిన రక్తం రెండు నమూనాల్లోనూ ప్రోటీన్ ఎక్కువే. రెంటికీ తేడా లేదు. ప్రస్తుతం ఆందోళన అవసరం లేదు." కింద సిసెల్ సంతకం.

"ఇది నువ్వే రాశావు కదూ?"

సిసెల్ కాగితం చూసి తల ఊపింది. "రెండు వేలలోనూ, రెండు వేల రెండులోనూ ఒకటే ఉంది. ఆయన నెత్తురు తీరే అంత. పుట్టుకతోనే."

"వాడికి అంతకు ముందుది ఇంకోటి ఉంటే?"

"ముందుది అంటే?"

"తొంభై ఎనిమిదిది. అది తక్కువుంటే?"

సిసెల్ కప్పు పెదవుల దాకా ఎత్తి అలాగే ఆపేసింది. బోదిల్ రిజిస్టరును దగ్గరికి లాక్కుంది. బల్ల మీద ఐనార్ మరిచిపోయిన చిన్న పెన్సిలు ఉంది, వలల లెక్క రాసుకునేది. నూట పదిహేడో వరసలో ఎనిమిదేళ్లుగా ఖాళీగా ఉన్న గడిలో ఆమె మరిది పేరు రాసింది. అక్షరాలు వణకలేదు.

"చీటీ తప్పు కాదు," అంది. "మనిషి తప్పు. ఆ నెత్తురు ఐనార్‌ది. తమ్ముణ్ని పంపించింది విల్లీ. చూసి ఊరుకున్నది నేను. రాసుకో. నా పేరు కూడా రాసుకో."

సిసెల్ కాఫీ కింద పెట్టేసింది. తన కాగితాల్లో రెండు నంబర్లనూ వెతికి పక్కపక్కన పెట్టింది. నూట పదిహేడు: తక్కువ. మూడు వందల నలభై రెండు, ఐనార్ సొంత పేరుది: ఎక్కువ. మధ్యలో రెండేళ్లు.

"ఎక్కింది," అంది. "మూడింతలకు పైనే. నా పరీక్ష తప్పు కాదు. విల్లీ గారి నెత్తురు నా దగ్గర ఎప్పుడూ లేదు." ఒక్క క్షణం ఆ మొహంలో సంతోషం వెలిగింది, ఆ వెంటనే తన సంతకం ఉన్న ఉత్తరం కనిపించి ఆరిపోయింది. "ఆందోళన అవసరం లేదని నేనే రాశాను."

"నీకేం తెలుసు? నేను చెబితే కదా నీకు తెలిసేది." బోదిల్ ఆమె చెయ్యి మీద చెయ్యి వేసింది. "ఆ పదిమంది సంగతి చెప్పు. యాభై అయిదు దాకా వచ్చారా?"

"ఏడుగురు రాలేదు. నలభై అయిదు, నలభై ఎనిమిది... అక్కడే."

"నెత్తురు ఎక్కాక ఎన్నేళ్లకు?"

"అయిదారేళ్లకు."

బోదిల్ వేళ్ల మీద లెక్కపెట్టలేదు. రెండు వేల సంవత్సరం నుంచి ఇప్పటికి ఆరేళ్లు. విల్లీ పోయింది డెబ్బై ఒకటో ఏట. ఐనార్‌కు ఇప్పుడు డెబ్బై ఒకటి.

"ఆయన్ని ఇవాళే తీసుకురావాలి," అంది సిసెల్ లేస్తూ. "రేపు కాదు, ఇవాళే. ఆపరేషన్ డాక్టరుతో నేను మాట్లాడతాను. భయపడకండి, పగలక ముందు చేస్తే నూటికి తొంభై అయిదు మంది నడుచుకుంటూ ఇంటికొస్తారు. ఆయన నంబరు చెప్పండి."

బోదిల్ చెప్పింది. సిసెల్ ఫోన్ చెవి దగ్గర పెట్టుకుంది. మోగింది. వంటింట్లోనే మోగింది, రొట్టెల డబ్బా వెనక నుంచి. చేపలకు ఫోన్‌తో పనిలేదని ఐనార్ రోజూ దాన్ని అక్కడే వదిలేసి పోతాడు. దాన్ని చూసి బోదిల్‌కు కోపమూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి.

"పడవ కనపడుతోందా?" అంది సిసెల్ కిటికీ దగ్గరికి పోయి. "బోదిల్ గారూ, ఈ మధ్య ఆయన నొప్పి అని ఏమైనా అన్నారా? పొట్టలో గానీ, వీపులో గానీ?"

"లేదు. పొద్దున కూడా బాగానే ఉన్నాడు. ఇక్కడే కాఫీ తాగి..."

మాట అక్కడే ఆగిపోయింది. ఇక్కడే కాఫీ తాగాడు, నిలబడి. కూర్చుంటే లేవబుద్ధి కాదన్నాడు. మాటకు మాట అనలేదు. పెరటి వసారాలో తచ్చాడాడు.

బోదిల్ పరుగెత్తింది. అరవై మూడేళ్ల మనిషి వంటింట్లోంచి పెరటి వసారాకు పరుగెత్తడానికి నాలుగు అడుగులు. విల్లీ పసుపు వానకోటు ఉన్నచోటే ఉంది. బూట్లు ఉన్నచోటే ఉన్నాయి. వాటి పైన, గోడకు, ఏడాదిన్నరగా ఆమె చెయ్యి తగలని మేకు ఉంది.

మేకుకు ఏమీ లేదు.

కింద సింకులో వేడినీళ్ల కుళాయి సరిగా కట్టలేదు. ఇంకా బొట్టుబొట్టుగా కారుతోంది.